లోపల ఎన్ని గుడ్డలు పెట్టారో చీటీ మీద రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో షుగర్ ఉన్నవాళ్ల పాదాల గురించి అరపేజీ వ్యాసం వేశారు. చెప్పులు లేకుండా నడవొద్దనీ, రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోమనీ రాశారు. అంతా నిజమే, ఎవరూ కాదనరు. కానీ పుండు పడ్డాక ఏం చెయ్యాలి అన్న దగ్గరికి వచ్చేసరికి "రోజూ శుభ్రం చేసి కట్టు కట్టించుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా పెద్దన్నయ్యకి ఆస్పత్రి వాళ్లిచ్చిన చీటీ మీద కూడా సరిగ్గా ఆ ఒక్క ముక్కే ఉంది. ఇప్పుడు ఆయనకి కుడి బొటనవేలు లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వేసుకోవడానికి చోటు లేకపోతే కోసుకోండి, చీటీ గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

నేను 34 ఏళ్లు ప్రభుత్వ ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ భాగం సర్జికల్ వార్డే. మధ్యాహ్నం భోజనాలయ్యాక గాజుగుడ్డ తాను ముందేసుకుని ముక్కలు కత్తిరించి, మడతపెట్టి, డ్రమ్ములో సర్ది, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవుకి పంపడం మా రోజువారీ కాలక్షేపం. (కొత్తలో నేనూ గాజుగుడ్డ అంటే గాజుకీ దానికీ ఏదో సంబంధం ఉందనుకున్నాను. ఏమీ లేదు, ఇంగ్లీషు 'గాజ్' మన నోట్లో పడి అలా అయింది.) షుగర్ పాదాలు ఎన్ని చూశానో లెక్క లేదు. కాబట్టి చదివి చెబుతున్న మాటలు కొన్నే, చేసి చెబుతున్నవి ఎక్కువ, అందులో తప్పు చేసి తెలుసుకున్నవీ ఉన్నాయి.

అన్నయ్య సంగతి చెబుతాను. తెనాలి దగ్గర పల్లెలో ఉంటాడు, కొంచెం నిమ్మతోట ఉంది, షుగర్ వచ్చి 18 ఏళ్లు. బొటనవేలి మొదట్లో అరికాలి వైపు ఆనెకాయ ఉండేది. దాన్ని బ్లేడుతో తనే చెక్కుకునేవాడు, స్పర్శ పోయింది కాబట్టి ఎంత లోతుకి చెక్కినా తెలిసేది కాదు. ఓసారి అక్కడ తడి మొదలై రసి కారింది, తర్వాత పాదం వాచింది. పక్క టౌన్లో ఓ నర్సింగ్ హోంకి వెళ్తే కోసి చీము తీసి, గొయ్యిలో గుడ్డ పెట్టి, రెండు రోజులు ఉంచుకుని పంపేశారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రోజూ డ్రెస్సింగ్ చేయించుకోమన్నారు. నేను ఫోన్ చేసినప్పుడల్లా "చిన్న పుండేలేవే, తగ్గుతోంది" అనేవాడు. వదినని అడిగితే "ఏమో అమ్మా, నన్ను చూడనివ్వరు" అనేది.

సంక్రాంతికి వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టగానే వాసన. వార్డులో పనిచేసినవాళ్లకి ఆ వాసన గురించి ఒకరు చెప్పక్కర్లేదు. నా పాత డ్రెస్సింగ్ డబ్బా ఎక్కడికెళ్లినా వెంట ఉంటుంది, అది తీసి కట్టు విప్పాను. పైన ఓ గుడ్డ వచ్చింది, అది నిన్నటిది, సరే. టార్చి వేయించి చూస్తే గొయ్యి అడుగున బూడిదరంగులో ఏదో కనిపించింది. కుళ్లిన కండ అనుకుని సైనస్ ఫోర్సెప్స్‌తో, అంటే సన్నటి పట్టకారుతో, పట్టుకుని మెల్లగా లాగితే వస్తూనే ఉంది. నా జానెడు ఉంది. దాని వెనకాల దానికే అతుక్కుని ఇంకో ముక్క. అన్నయ్య దాన్ని చూసి "ఇదెక్కడిదే?" అన్నాడు, తన కాల్లోంచి కాక నా చేతిలోంచి వచ్చినట్టు.

ఆర్ఎంపీ కుర్రాణ్ణి పిలిపించాను. పాపం పరిగెత్తుకొచ్చాడు. "నేను ఒక్కటే పెడుతున్నా అక్కా, రోజూ తీసి రోజూ ఒక్కటే పెడుతున్నా" అన్నాడు. నిజమే చెబుతున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. నర్సింగ్ హోం వాళ్లకి ఫోన్ చేస్తే "మేం పెట్టింది మేం తీసేశామండీ" అన్నారు. వాళ్ల చీటీ చూశాను. ఓ యాంటీబయాటిక్, ఓ గ్యాస్ మాత్ర, కింద "డ్రెస్సింగ్ రోజూ". లోపల గుడ్డ ఉందా లేదా, ఉంటే ఎన్ని ముక్కలు, గొయ్యి ఎంత లోతు, ఏ వైపుకి సొరంగంలా పోయింది, ఒక్కటీ లేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు, అంతే.

మర్నాడే గుంటూరు తీసుకెళ్లాం. సన్నటి కడ్డీ పెట్టి చూస్తే ఎముక తగిలింది, ఎక్స్‌రేలో కూడా ఎముక తినేసినట్టు కనిపించింది, వేలు తీసెయ్యక తప్పదన్నారు. పాదం మిగిలింది. గుడ్డ వల్లే వేలు పోయిందని నేననను. బ్లేడుతో చెక్కుకోవడం ఉంది, ఎప్పుడూ 300 దిగని షుగరు ఉంది, ఆ పుండు మీదే పొలం వెళ్లడం ఉంది. కానీ అన్ని వారాల పాటు ఓ చీము పట్టిన గుడ్డని పుండు అడుగున దాచిపెట్టి, పైన రోజూ కొత్త కట్టు కట్టి, తగ్గడం లేదేంటా అనుకున్నాం కదా, అది మాత్రం ఏ షుగరు మీదా నెట్టెయ్యలేం.

అసలు పుండులో గుడ్డ ఎందుకు పెడతారో చాలామందికి తెలీదు, పెట్టేవాళ్లలో కూడా కొందరికి. లోతైన పుండుకి పైన మూతి తొందరగా మూసుకుపోతుంది, లోపల బోలు అలాగే ఉండిపోతుంది. పైకి మానినట్టు కనిపిస్తుంది, నాలుగు రోజులకి లోపల చీము చేరి మళ్లీ పగులుతుంది. అలా కాకుండా అడుగు నుంచి కండ పెరుగుతూ పైకి రావాలి. అంతవరకూ మూతి తెరిచి ఉంచడానికీ, లోపల ఊరే రసిని పీల్చి పైకి తేవడానికీ ఆ గుడ్డ. దీపంలో వత్తి నూనెని పైకి లాగినట్టు. వత్తి పని వత్తి చెయ్యాలంటే అది వదులుగా ఉండాలి కదా. మనవాళ్లు చేసేది వత్తి పెట్టడం కాదు, సీసాకి బిరడా కొట్టడం. గట్టిగా కుక్కితే రసి బయటికి రాదు, లోపలికే దారి చూసుకుంటుంది, చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోయి కొత్తగా పుట్టే కండకి రక్తం అందదు. అరికాలి పుండైతే ఇంకా అన్యాయం. దాని మీదే మనిషి నడుస్తాడు, అంటే చెప్పులో గులకరాయి పెట్టుకుని నడిచినట్టు, పైగా నొప్పి తెలీని మనిషి.

ఇందులో నా పాపం కూడా ఉంది, దాచుకోను. ట్రైనింగులో మా సీనియర్ సిస్టర్ "ఎక్కడా సందు ఉండకూడదు" అని నేర్పింది. ఉద్యోగంలో చేరాక పదేళ్లకి పైగా నేను అలాగే కుక్కాను, బాగా కుక్కినందుకు మెచ్చుకోలు కూడా పొందాను. కడుపులో ఆపరేషన్ గాయమైతే రోగి కెవ్వుమంటాడు, చెయ్యి దానంతటదే తేలికవుతుంది. షుగర్ పాదం అరవదు. అది అరవకపోవడమే మన చేతికి అలుసు. తర్వాత ఓ సర్జన్ గారు ఒకరోజు రౌండ్స్‌లో నేను పెట్టిన ప్యాకింగ్ తీసి చూపించి, "సిస్టర్, ఇది దిండులో దూది కాదు" అన్నారు. ఏమీ తిట్టలేదు, అంతే అన్నారు. అప్పటినుంచి మార్చుకున్నాను.

సరే, ఎలా పెట్టాలి అంటే, చేసేవాళ్ల కోసం రాస్తున్నాను, ఇంట్లో వాళ్లు చూసి అడగడానికైనా పనికొస్తుంది. ముందు పాత గుడ్డ మొత్తం తియ్యాలి, అతుక్కుంటే సెలైన్ పోసి రెండు నిమిషాలు నానబెట్టి తియ్యాలి తప్ప పీక్కూడదు, పీకితే దానిమ్మ గింజల్లా అప్పుడే వస్తున్న కొత్త కండ దాంతోపాటే ఊడొస్తుంది. తర్వాత గొయ్యి లోతు, పక్కకి ఎంత పోయిందో కొలవాలి. అప్పుడు కొత్తది. చిన్నచిన్న ముక్కలు నాలుగైదు కాకుండా ఒకే పొడవాటి రిబ్బన్ ముక్క తీసుకుని, సెలైన్‌లో తడిపి పిండి, విప్పదీసి, అడుగు నుంచి వదులుగా పరుస్తూ రావాలి. దాని తోక ఓ అంగుళం బయటికి కనపడేలా ఉంచాలి, టేపుతో పక్కన అతికించాలి. ఒక ముక్క చాలకపోతే రెండోది పెట్టొచ్చు, కానీ రెండు పెట్టామని రాయాలి. గుడ్డని అప్పటికప్పుడు కత్తెరతో కోసి అంచు లోపలికి పెట్టకూడదు, దారాలు ఊడి పుండులో ఉండిపోతాయి. మేము అంచులు లోపలికి మడిచేది అందుకే, అందం కోసం కాదు.

దూది గురించి కూడా చెప్పాలి. పత్తి పండించే గడ్డ మనది, దూది అనగానే మనకి లోకువ. ఇంట్లో వత్తుల దూది, పరుపులోంచి పీకిన దూది పుండు మీద పెట్టి వచ్చినవాళ్లని చూశాను. ముడి పత్తికి పైన సహజంగా మైనం లాంటి పూత ఉంటుంది, అది నీళ్లని పీల్చదు. ఓ గ్లాసు నీళ్లలో వేసి చూడండి, తేలుతూ కూర్చుంటుంది. ఆస్పత్రి దూదిని క్షారంలో ఉడికించి, ఆ మైనం తీసి, తెల్లగా చేస్తారు, అది సెకన్లలో మునుగుతుంది. అయినా సరే ఆస్పత్రి దూది కూడా నేరుగా పుండుకి తగలకూడదు, పోగులు అతుక్కుంటాయి. కింద గుడ్డ, దాని మీద దూది. దూదిని రెండు పొరల గాజుగుడ్డ మధ్య పెట్టి చేసే మెత్తను మా వార్డుల్లో గాంజీ ప్యాడ్ అంటాం. నేను చాలా ఏళ్లు అదేదో గంజికి సంబంధించిన మాట అనుకున్నాను. కాదట, 1880లో దాన్ని తయారుచేసిన బర్మింగ్‌హామ్ సర్జన్ సాంప్సన్ గామ్‌జీ పేరు అది. ఆయన పేరు మన దగ్గర వార్డు ఆయాల నోట్లో కూడా బతికుంది, అంతకంటే ఓ సర్జన్‌కి ఏం కావాలి.

ఇప్పుడు మందుల షాపుల్లో ఇంకా రకాలు వచ్చాయి. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ అని ఒకటి ఉంటుంది, చూడ్డానికి తెల్లటి ఉన్ని పొరలా ఉంటుంది. అందులో కాల్షియం, రసిలో ఉండే సోడియం చోటు మార్చుకుని అది జిగురులా అవుతుంది, తన బరువుకి 15, 20 రెట్ల తడి పట్టుకుంటుంది, తీసేటప్పుడు గాజుగుడ్డలా పీక్కుపోదు. సెల్యులోజ్‌తో చేసే హైడ్రోఫైబర్ కూడా ఇంచుమించు అలాంటి పనే చేస్తుంది. స్పాంజిలా ఉండే ఫోమ్ ఉంటుంది, అది లోపల పెట్టేది కాదు, పైన కప్పేది. రసి ధారగా కారే పుండుకి ఇవి నిజంగా మేలు. ఒక్కో షీటు వందల్లో ఉంటుంది, గాజుగుడ్డ ముక్క రెండు మూడు రూపాయల్లో పోతుంది, అందుకే వద్దంటారు. కానీ లెక్క పూర్తిగా వెయ్యరు. రోజూ ఆటోలో పోయి రావడం, తోడు వచ్చినవాళ్ల కూలి పోవడం, డ్రెస్సింగ్ చేసినందుకు ఇచ్చేది, ఇవన్నీ కలిపితే రెండు మూడు రోజులకోసారి మార్చే ఆల్జినేట్ ఒక్కోసారి చవకే. ఒక్కోసారి అంటున్నాను. రసి తగ్గిపోయి పొడిగా ఉన్న పుండులో అదే ఆల్జినేట్ పెడితే ఎండి పక్కులా అతుక్కుంటుంది, డబ్బూ దండగ, పుండూ దండగ. ఖరీదైంది కాబట్టి మంచిదని మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అదే రాసే డాక్టర్లూ ఉన్నారు, వాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

షుగర్ పాదాల మీద ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు పాటించే మార్గదర్శకాలు కొన్ని ఉన్నాయి, డయాబెటిక్ ఫుట్ మీద పనిచేసే అంతర్జాతీయ వర్కింగ్ గ్రూప్ రాసేవి. అందులో చాలాకాలంగా చెబుతున్నది నాకు భలే నచ్చుతుంది. కట్టుని ముఖ్యంగా మూడు చూసి ఎంచుకోమంటారు: రసి ఎంత కారుతోంది, రోగికి సుఖంగా ఉందా, ఖర్చు ఎంత. పుండు మానడం కోసమని వెండి కలిపినవీ, తేనె కలిపినవీ వాడొద్దని 2023లో వచ్చిన మార్గదర్శకాల్లో కూడా చెప్పారు. మందుల షాపు అద్దాల్లో వెండి రంగు డబ్బాలు చూసి మనసు పడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తేనె అనగానే మన ఆయుర్వేదం గుర్తుకొచ్చి కొందరికి కోపం రావచ్చు. సుశ్రుత సంహితలో పుండుకి తేనె, నెయ్యి ఉన్నమాట నిజమే. కానీ అందులోనే పుండు లోపల పెట్టే వత్తి గురించి ఇంకో మాట ఉంది, దాన్ని వికేశిక అంటారు, అది మరీ జిడ్డుగా ఉండకూడదు, మరీ పొడిగా ఉండకూడదు, వంకరగా పెట్టకూడదు, ఎందుకంటే జిడ్డైతే పుండు నానిపోతుంది, పొడైతే కోసుకుపోతుంది, సరిగ్గా పెట్టకపోతే అంచులు ఒరుసుకుంటాయి అని. తేనె సంగతి అందరికీ గుర్తుంది, ఈ సంగతి ఎవరికీ గుర్తులేదు! మా సీనియర్ సిస్టర్ నేర్పినదానికంటే ఇది నయంగా ఉంది.

తడి, పొడి అనే గొడవ ఇక్కడే వస్తుంది. పుండుకి గాలి తగలాలి, ఆరాలి, పక్కు కట్టాలి, అప్పుడే మానుతుంది అని మన ఇళ్లల్లో పెద్దల మాట. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందుల చర్మం మీద గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలేసి, కొన్నిటిని పాలిథీన్ పొరతో కప్పి చూశాడు. కప్పినవి దాదాపు రెట్టింపు వేగంతో చర్మం పట్టాయి. పుండు లోపల చెమ్మ ఉండాలి. అయితే చెమ్మ వేరు, బురద వేరు. చుట్టూ ఉన్న మంచి చర్మం బట్టలు ఉతికినవాళ్ల చేతుల్లా తెల్లగా నాని ముడతలు పడితే, కట్టు తడిని పట్టుకోలేకపోతోందని అర్థం. అప్పుడు ఇంకా ఎక్కువ పీల్చేది పెట్టాలి, లేదా తొందరగా మార్చాలి, అంచులకి జింక్ ఆక్సైడ్ పూయాలి. వేలు నల్లగా ఎండిపోయి ఉంటే మాత్రం కథ మొత్తం వేరు. అది రక్తం అందక ఎండింది, దాన్ని తడపకూడదు, నానబెట్టకూడదు, అక్కడ గుడ్డలు కుక్కకూడదు, పొడిగా ఉంచి నేరుగా రక్తనాళాల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాదం మీద నాడి దొరుకుతోందో లేదో చూడకుండా కట్టు మీద చర్చ పెట్టుకోవడం కూడా దండగే. అలాగే నురగొచ్చే పెరాక్సైడ్ గొయ్యిలో పోసి, నురగ వస్తుంటే మురికి పోతోందని సంతోషపడతారు చూడండి, అది మంచి కండని కూడా కాల్చేస్తుంది, లోతు పుండులో అయితే ఆ గ్యాస్ రక్తంలోకి పోయే ప్రమాదం కూడా ఉంది. సెలైన్ చాలు.

ఇంత చెప్పి కూడా, ఎంత మంచి గుడ్డ పెట్టినా ఆ పాదం మీద బరువు పడుతూ ఉంటే మానదు. ఇది కొత్త సంగతి కాదు, కుష్ఠు ఆస్పత్రుల్లో ఎప్పుడో తెలుసు. వెల్లూరు సీఎంసీలో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ పట్టుబట్టి చెప్పింది అదే. ఆ రోగుల పుండ్లు రోగం తినేయడం వల్ల రావు, నొప్పి తెలీక అదేపనిగా అదే చోట తొక్కడం వల్ల వస్తాయని, మానడానికి విశ్రాంతి కావాలని. పాదం బరువు సమంగా పంచేలా పిండి కట్టు వేసేవారు. షుగర్ పాదానికి కూడా అదే సూత్రం. కుష్ఠు రోగులకి ప్రభుత్వం మెత్తటి రబ్బరు అడుగున్న ఎంసీఆర్ చెప్పులు ఉచితంగా ఇస్తుంది. షుగర్ వల్ల స్పర్శ పోయిన రైతుకి అదే చెప్పు కావాలంటే ఎక్కడ దొరుకుతుందో చెప్పేవాళ్లు లేరు. ఇద్దరి పాదాలకీ తేడా ఏమిటి?

మా ఆడపడుచు కూతురు బర్మింగ్‌హామ్‌లో నర్సు, గామ్‌జీ గారి ఊరే. అక్కడ పాదాలకోసమే చదువుకున్న పోడియాట్రిస్టులు ఉంటారు, గోళ్లు, ఆనెలు, పుండ్లు అన్నీ వాళ్లే చూస్తారు. అన్నయ్య సంగతి చెప్పి బాధపడుతుంటే అది ఒకటే అడిగింది, "అత్తా, కౌంట్ రాయలేదా?" అని. వాళ్ల దగ్గర పుండులో ఏదైనా పెడితే ఎన్ని పెట్టారో కాగితంలో రాయాలట, తర్వాత తీసినవాళ్లు ఎన్ని తీశారో రాయాలట, రెండూ కలవకపోతే వదలరట. దీనికి బ్రిటన్ డబ్బు అక్కర్లేదు కదా! మనం ఆపరేషన్ థియేటర్లో రక్తం అద్దే గుడ్డలు (మాపులు) లెక్కపెడతాం, బోర్డు మీద రాస్తాం, లెక్క తప్పితే కుట్టు వెయ్యనివ్వం. అదే మనం డ్రెస్సింగ్ గదిలోకి వచ్చేసరికి లెక్క మర్చిపోతాం. పదేళ్లకోసారి ఆపరేషన్ చేయించుకునే మనిషి రోజూ డ్రెస్సింగ్ చేయించుకుంటాడు, అదీ రోజుకో చోట, రోజుకో చేత్తో.

2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని తేల్చింది. షుగర్ ఉన్నవాళ్లలో 100కి 19 నుంచి 34 మందికి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు పాదం మీద పుండు పడుతుందని డాక్టర్లు లెక్క కడతారు. వీళ్లందరికీ పోడియాట్రిస్టులు ఎప్పటికి వస్తారో నాకు తెలీదు. అప్పటిదాకా ఈ పుండ్లు చూసేది పీహెచ్‌సీ నర్సు, వార్డు బాయ్, ఊళ్లో ఆర్ఎంపీ, ఇంట్లో పెళ్లాం. ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లకండని రాయడం తేలిక. ఉదయం ఆరింటికి ఇంటికొచ్చి కట్టు కట్టే మనిషి వాడొక్కడే అయినప్పుడు, వాడి చేతిలో సరైన చీటీ పెట్టడం నయం.

అందుకే అడుగుతున్నాను. పుండులో గుడ్డ పెట్టి ఇంటికి పంపే ఏ ఆస్పత్రైనా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, చీటీ మీద తెలుగులో నాలుగు ముక్కలు రాసి ఇవ్వాలి: లోపల ఎన్ని ముక్కలు ఉన్నాయి, పుండు ఎంత లోతు, మళ్లీ ఎప్పుడు తియ్యాలి, ఏం కనిపిస్తే వెంటనే రావాలి. పుండు చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటి పాకినా, వాసన వచ్చినా, చలిజ్వరం వచ్చినా, లోపల గట్టిగా ఏదైనా తగిలినా రేపటిదాకా ఆగకూడదు. ఈ నాలుగు ముక్కలకి పెన్ను తప్ప ఖర్చు లేదు. జీవో తెచ్చి రాయిస్తారో, రబ్బరు స్టాంపు కొట్టిస్తారో ఆరోగ్య శాఖ ఇష్టం. పీహెచ్‌సీలకి ఇచ్చే సామానులో గాజుగుడ్డతోపాటు రిబ్బన్ గాజ్, కొన్ని ఆల్జినేట్ షీట్లు, సన్నటి కొలత కడ్డీలు కూడా చేర్చాలి, ఇది రెండో కోరిక, మొదటిది జరిగాకే.

ఇంట్లో వాళ్లకి కూడా ఓ మాట. కట్టు విప్పేటప్పుడు పక్కన నిలబడి చూడండి, సిగ్గుపడకుండా "ఎన్ని తీశారు, ఎన్ని పెట్టారు" అని అడగండి. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. నేనూ డ్యూటీలో ఉన్నప్పుడు విసుక్కునేదాన్నే.

అన్నయ్య గాయం మానింది, మూడున్నర నెలలు పట్టింది. ఇప్పుడు ఆనెకాయ మీద బ్లేడు పెట్టడం లేదు, వదిన బ్లేళ్లన్నీ దాచేసింది. ఆ మూడున్నర నెలలూ కట్టింది ఆ ఆర్ఎంపీ కుర్రాడే, నేను వీడియో కాల్‌లో చూసేదాన్ని. వాళ్లింటి గోడ మీద ఎరువుల కొట్టు వాళ్లిచ్చిన క్యాలెండర్ ఉంది, దాని మీద ప్రతి తేదీ గడిలో వదిన చేతిరాత: "తీసింది 1, పెట్టింది 1". ఏప్రిల్లో ఓ గడిలో "తీసింది 1, పెట్టింది 0" అని ఉంది. దాని చుట్టూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది.

ఇట్లు
ఓ రిటైర్డ్ స్టాఫ్ నర్సు

తా.క.: మీ వ్యాసం పక్కన వేసిన బొమ్మలో పుండు మీద నేరుగా దూది ఉంది. ఈసారి వేసేటప్పుడు కింద గుడ్డ ఉన్న బొమ్మ వెయ్యండి.